మా అమ్మమ్మ నెత్తిన వేసుకున్న రోగం

డెబ్బై దాటిన వయసులో, అదీ నిండు బస్టాండులో, ఒక్క సాయంత్రంలో పరువంతా పోగొట్టుకుని, దాన్ని వెతుక్కోవడానికి కూడా ఒప్పుకోని మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. ఆమె మా అమ్మమ్మ. రాజ్యాలు వదులుకున్న రాజుల గురించి గొప్పగా చెబుతారు. రాజ్యానిదేముంది, సైన్యం ఉంటే మళ్ళీ గెలుచుకోవచ్చు. బస్టాండులో పోయిన పేరుని ఏ సైన్యంతో గెలుస్తారు? కాబట్టి ఆ రాజులందరూ మా అమ్మమ్మ ముందు దిగదుడుపే. కాదనేవాళ్ళు నా దగ్గరికి రావచ్చు. నేనూ బస్టాండులోనే ఉంటాను.

నాది ఫోన్లకి రీచార్జి చేసే కొట్టు. నాది అంటే యజమానిది, కూర్చునేది నేను. పదో తరగతి లెక్కల పరీక్షకి రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ ఒకటే మార్కులు తెచ్చుకున్నదాన్ని. మాట మీద నిలబడే గుణం నాకు అమ్మమ్మ నుంచే వచ్చింది.

కొట్టుకి ఎదురుగా మరుగుదొడ్లు. ఆడవాళ్ళ తలుపుకీ మగవాళ్ళ తలుపుకీ మధ్య ఎత్తు స్టూలు మీద అమ్మమ్మ. పక్కన చిల్లర డబ్బా, వెనక ఫినాయిలు సీసాలూ చీపుళ్ళూ పెట్టే ఇనుప బీరువా. ఆ స్టూలు మీద కూర్చుంటే ఆమె కాళ్ళు నేలకి అందవు. అందని కాళ్ళు ఊపుకుంటూ ఊరందరి మీదా పెత్తనం చేస్తుంది. సబ్బు బిళ్ళని దారంతో కోసి కాగితమంత పలచటి ముక్కలు చేస్తుంది. ఆ ముక్కతో చేతులు కడుక్కోవచ్చు గానీ ఇంటికి పట్టుకుపోవడానికి మనసొప్పదు. అదే ఆమె లెక్క.

ఆ స్టూలు దగ్గర ఆమె చట్టం ఒక్కటే. కడుపు పట్టుకుని వచ్చినవాళ్ళని ఏ కులం, ఏ పని అని అడగకూడదు. అందరికీ పనులు పురమాయిస్తుందని మేము ‘మేనేజరు’ అని పిలిచే ఒకామె ఉంది. పుట్టినప్పుడు అందరూ మగపిల్లాడనుకున్నారు, ఆమె మాత్రం ఆడదానిగానే బతుకుతోంది. వేరే చోట ఆడవాళ్ళు ఒక తలుపు నుంచి, మగవాళ్ళు ఇంకో తలుపు నుంచి తరిమితే మా బస్టాండుకి వచ్చింది.

“ఎటు వెళ్ళమంటావమ్మా?” అని అడిగిందట.

“కడుపు నొప్పి నీదా నాదా? నువ్వే చెప్పు,” అంది అమ్మమ్మ.

ఆమె ఆడవాళ్ళ వైపు వెళ్ళింది. సూట్‌కేసుతో వచ్చిన ఒక ప్రయాణికురాలు ఇదేం అన్యాయమని గొడవకి దిగింది. “లోపల గదులకి తలుపులున్నాయి, తలుపులకి గడియలున్నాయి. నీ గడియ నువ్వు వేసుకో తల్లీ,” అని అమ్మమ్మ సబ్బు కోసుకుంది.

సాయంత్రం దీపాలు వెలిగే వేళకి మొహాలు కడుక్కోవడానికి కొందరు ఆడవాళ్ళు వస్తారు. బస్టాండులో వాళ్ళేం పని మీద తిరుగుతారో నేను విప్పి చెప్పనక్కర్లేదు. సంచిలో కండోమ్ దొరికితే చాలు, అదే సాక్ష్యమని పోలీసులు పట్టుకెళతారు. ఆ భయంతో వీళ్ళు దగ్గర ఉంచుకోరు. ఉంచుకోకపోతే వచ్చేది రోగం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందుకని ఆసుపత్రి వాళ్ళు పంచే కండోమ్‌ల పెట్టె అమ్మమ్మ బీరువాలో చీపుళ్ళ వెనక ఉంటుంది. “అమ్మా, సబ్బు,” అని చెయ్యి చాపితే సబ్బు ముక్కతో పాటు అదీ అరచేతిలో పడుతుంది. మొదట్లో ఒక నిజమైన ప్రయాణికురాలు “అమ్మా, సబ్బు,” అంటే ఆమెకీ ఇచ్చేసింది. ఆమె దాన్ని చూసి, అమ్మమ్మని చూసి, సంచిలో వేసుకుని వెళ్ళిపోయిందట.

ఇక అసలు సంగతి. వచ్చేవాళ్ళలో ఒకామెకి మోకాళ్ళ దాకా జడ. మాకు ఆమె పొడుగుజడ, అమ్మమ్మకి ‘పొడుగూ’. అప్పటికే ఆ తిరుగుడు మానేసి లాడ్జిలో దుప్పట్లు ఉతికే పనికి కుదిరింది. ఉండటం కూడా అక్కడే, మెట్ల కింది గదిలో ఇంకో ఇద్దరితో కలిసి. కూతురు దూరంగా హాస్టల్లో చదువుకుంటోంది. మొహం కడుక్కోవడానికి మాత్రం పాత అలవాటు కొద్దీ అమ్మమ్మ దగ్గరికే వచ్చేది.

ఒకరోజు చెత్తబుట్ట ఖాళీ చేస్తుంటే అమ్మమ్మకి అడుగున నిండు మాత్రల డబ్బా కనపడింది. అంతకు ముందు లోపలికి వెళ్ళొచ్చింది పొడుగుజడే. పాపం, కొంగులోంచి జారి పడిపోయిందనుకుంది. డబ్బా పైకెత్తి గలగలా ఆడిస్తూ ప్లాట్‌ఫారాల మీద పరుగెత్తింది. “పొడుగూ, ఒసే పొడుగూ, నీ మాత్రలు పడేసుకున్నావే.” బస్సులు ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు అందరూ తిరిగి చూశారు. పొడుగుజడ రాయిలా నిలబడిపోయింది. ఆమె మొహం చూశాక గానీ అది జారి పడింది కాదు, పారేసిందని అమ్మమ్మకి తట్టలేదు. వెంటనే, “జలుబు మాత్రలకి ఇంత బడాయేమిటే,” అని గట్టిగా తిట్టి, ఆమె రెక్క పట్టుకుని వెనక్కి లాక్కొచ్చింది.

నేను కొట్టు వదిలి వెళ్ళేసరికి పొడుగుజడ బీరువా వెనక చతికిలబడి ఏడుస్తోంది.

“అవి హెచ్‌ఐవి మాత్రలమ్మా. నడిస్తే డబ్బాలో చప్పుడవుతుంది. గదిలో వాళ్ళు అదేమిటి, ఇదేమిటి అని వెతుకుతున్నారు. లాడ్జి ఆయనకి తెలిస్తే ఈ పూటే మూట బయటపడేస్తాడు.”

“పడేస్తే ఇంకో లాడ్జి చూసుకో.”

“నాదేముందమ్మా. హాస్టల్లో ఒక పిల్లని వాళ్ళమ్మకి ఈ జబ్బుందని తెలిసి ఇంటికి పంపేశారు. ఆ పిల్లకి ఏ జబ్బూ లేదు. నా కూతురికీ లేదు. ఈ ఒక్క మాటతో దాని చదువు పోతుంది.”

“అందుకని మందు మానేసి చస్తావా? చస్తే బాగా చదువుకుంటుందా?”

అమ్మమ్మ బీరువాలోంచి ఖాళీ పళ్ళపొడి డబ్బా తీసి, కడిగి, తుడిచి, మాత్రలన్నీ అందులో పోసి, చప్పుడు కాకుండా పైన దూది కుక్కింది. “రోజూ సాయంత్రం వచ్చి నా ముందు మింగు. ఇక్కడికెవరూ వెతకడానికి రారు. మరుగుదొడ్డికి వచ్చినవాడు వెనక్కి చూడకుండా పోతాడు,” అంది.

ఆ బీరువా ఎంత భద్రమో ఒకరి చెవి నుంచి ఒకరి చెవికి పాకింది. కొన్నాళ్ళకి పళ్ళపొడి డబ్బా పక్కన పౌడరు డబ్బా, దాని పక్కన గుండీల డబ్బా చేరాయి. గుండీలది మేనేజరుది. అమ్మమ్మకి చదువు రాదు గానీ ఏ డబ్బా ఎవరిదో చీకట్లో కూడా చెప్తుంది. సాయంత్రం ఆరింటి బస్సుకి మైకులో పిలుపు రాగానే ఒక్కొక్కరూ వచ్చేవారు.

“మింగావా?”

“మింగానమ్మా.”

“నోరు తెరు. నాలుక ఎత్తు. ఆ, పో.”

మేనేజరుకి ఇది తలవంపులుగా ఉండేది. “నన్ను కూడా నోరు తెరవమంటావా అమ్మా? పదిమందిని ఆడించేదాన్ని.”

“పదిమందిని ఆడించే నోరే ముందు చూడాలి. తెరు.”

నెలలు గడిచాయి. పొడుగుజడ బుగ్గలు నిండాయి. మేనేజరు గొంతు పెరిగింది. అంతా బాగుంది అనుకుంటుండగా కాంట్రాక్టరు వచ్చాడు.

మరుగుదొడ్లు నడిపే కాంట్రాక్టరుకి ఫినాయిలు మీద అనుమానం. ఎవరో తాగేస్తున్నట్టు లెక్క వేస్తాడు. ఆ సాయంత్రం చెప్పాపెట్టకుండా వచ్చి బీరువా తెరిచాడు. సీసాలు జరిపితే చీపుళ్ళు, చీపుళ్ళు జరిపితే కండోమ్ పెట్టె, అది జరిపితే డబ్బాలు. మూతలు తీశాడు. దూది కింద మాత్రలు. ఏవో దొంగ మందులనుకుని ఒకటి పట్టుకుని పక్కనే ఉన్న మందుల షాపుకి వెళ్ళాడు. షాపతను ఉన్న మాట చెప్పేశాడు, ఇవి హెచ్‌ఐవికి వాడేవి, పెద్దాసుపత్రిలో ఇస్తారని.

కాంట్రాక్టరు తిరిగి వచ్చేసరికి అతని వెనక పదిమంది. సరిగ్గా అప్పుడే మైకులో ఆరింటి బస్సు పిలుపు అయ్యింది. పొడుగుజడ తడి మొహంతో, భుజం మీద తువ్వాలుతో స్టూలు పక్కనే నిలబడి ఉంది. ఆ పదిమందిలో లాడ్జి గుమాస్తా కూడా ఉన్నాడు.

“ఇవెవరివి?” అన్నాడు కాంట్రాక్టరు.

పొడుగుజడ మొహంలో నీళ్ళు తప్ప రక్తం లేదు.

అమ్మమ్మ కాళ్ళు ఊపడం ఆపలేదు. “నావి,” అంది.

“నీవా? మూడు డబ్బాలున్నాయి.”

“నాకు రోగం గట్టిది.”

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. కాంట్రాక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. “ఈ వయసులో నీకు ఇదేం రోగమే ముసలీ?”

“ఈ వయసులో వచ్చిందని నేనన్నానా? వయసులో ఉన్నప్పుడు వచ్చి ఉండొచ్చు. నన్నెవరూ అడగలేదు, నేనెవరికీ చెప్పలేదు. మూతలు పెట్టు, మందుకి గాలి తగలకూడదు.”

అతను మూతలు పెట్టలేదు. చేతులు కడుక్కోవడానికి లోపలికి పరుగెత్తాడు. సబ్బు కోసం అమ్మమ్మ ముందు చెయ్యి చాపబోయి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

జనం చెదిరాక పొడుగుజడ, “అమ్మా, నేను చెప్పేస్తాను,” అంది.

“చెప్పి ఏం చేస్తావ్? నువ్వు చెబితే నీ కూతుర్ని హాస్టల్ నుంచి పంపేస్తారు. నా కూతురు పోయి పదేళ్ళు దాటింది. దాన్నెవడూ ఎక్కణ్ణుంచీ పంపెయ్యలేడు. మాత్ర మింగు ముందు.”

ఆ పోయిన కూతురు మా అమ్మ. అమ్మ గురించి అమ్మమ్మ నోరు తెరిచి మాట్లాడింది ఆ రోజే విన్నాను.

తెల్లారేసరికి బస్టాండంతా ఒకటే మాట. ఆ రోగం ఎవరివల్ల వచ్చి ఉంటుందన్నది అసలు చర్చ. నా కొట్టు ముందు నిలబడి ఒకడు పాత డ్రైవరంటాడు, ఒకడు వాచ్‌మన్ అంటాడు. నేను సాయంత్రం వెళ్ళి అమ్మమ్మకి పేర్లు అప్పజెప్పేదాన్ని.

“ఇవాళ పాత టైమ్‌కీపరు పేరు వచ్చింది.”

“ఛీ. వాడి నోరు కంపు. ఇంకెవరైనా శుభ్రమైనవాణ్ణి చూడమను.”

చిల్లర చేతికిచ్చేవాళ్ళు పోయారు. దూరం నుంచి డబ్బాలోకి విసిరేవారు. అమ్మమ్మ కూడా మిగతా చిల్లర దూరం నుంచే విసిరేది. ఆమె గురి నాకు తెలుసు కాబట్టి చెప్తున్నాను, ఒక కండక్టరు బట్టతలకి అది తగలడం పొరపాటు కాదు.

కాంట్రాక్టరు ఆమెని తీసేస్తానని ప్రకటించాడు. తీసేద్దామంటే ఆ స్టూలు మీద కూర్చోవడానికి ఎవరూ రాలేదు. ఒకామె ఒప్పుకుని, సంగతి తెలిసి, దారిలోంచే వెనక్కి తిరిగింది. ఇంకొకడు స్టూలు మారుస్తానన్నా, డబ్బా మారుస్తానన్నా కుదరదన్నాడు. ఏ పిరికితనం ఆమెని వెలివేసిందో అదే ఆమె ఉద్యోగానికి కాపలా కాసింది. కాంట్రాక్టరు చివరికి దూరం నుంచే కేకేశాడు, “సరే, నువ్వే ఉండు. ఆ బీరువా మాత్రం నా ముందు తెరవకు.” అమ్మమ్మకి కావలసిందీ అదే. ఇక ఆ బీరువా జోలికి దేవుడు కూడా రాడు.

ఇంట్లో మాత్రం అంత సుఖంగా లేదు. మేముండేది మామయ్య ఇంట్లో. మామయ్య బస్సు డిపోలో టైర్ల పని చేస్తాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదు, అందుకే అమ్మమ్మ కన్నకొడుక్కి కూడా నిజం చెప్పలేదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

“పదమ్మా, పరీక్ష చేయిద్దాం. లేదని తేలితే ఆ కాగితం బస్టాండు గోడ మీద నేనే అంటిస్తాను,” అన్నాడు మామయ్య.

“ఉందని కన్నతల్లి చెప్తుంటే లేదనడానికి నీకెందుకురా అంత తొందర?”

“డిపోలో తలెత్తుకోలేకపోతున్నానే.”

“టైర్ల పనికి తల వంచుకునేగా ఉండాలి.”

అతను విసురుగా లేచిపోయాడు. నేను గిన్నెలు తోముతూ, “పరీక్ష చేయించుకుంటే నీకేం పోయింది?” అని మెల్లగా అడిగాను.

“చేయిస్తే లేదని తేలుతుంది. లేదని తేలితే ఆ మాత్రలెవరివని మళ్ళీ మొదలెడతారు. నీ బుర్ర పదో తరగతి దాటదే,” అంది.

అత్త తన పని తను చేసింది. అమ్మమ్మ కంచం, గ్లాసు వేరే గూట్లో పెట్టింది. అత్త చెడ్డదేమీ కాదు, ఇంట్లో బట్టలు కుట్టి సంసారం లాగే మనిషి, భయపడింది. అమ్మమ్మ ఆ గ్లాసుతోనే తాగింది, ఒక్క మాట అనలేదు. ఆ మాట అనకపోవడమే అత్తని తినేసింది. నాలుగు రోజులు చూసి, ఐదో రోజు నన్ను వెంటబెట్టుకుని పెద్దాసుపత్రిలో ఆ రోగం సంగతులు చెప్పే మేడమ్ దగ్గరికి వెళ్ళింది.

“ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నది నేను చెప్పను. రోగం గురించి అడగండి, ఎంతసేపైనా చెప్తాను,” అంది మేడమ్.

కంచం గురించి అడిగింది అత్త. అంటుకోదు అంది మేడమ్. గ్లాసు, బట్టలు, ఒకే మరుగుదొడ్డి, ఒకే పక్క. ఏ వరసలో అడిగినా అంటుకోదు. మందు రోజూ వేసుకుంటే రోగం ఎంత అణిగిపోతుందంటే, రక్తంలో వెతికినా దొరకనంతగా, అలా అణిగి ఉన్నంతకాలం మొగుడూ పెళ్ళాల మధ్య కూడా పాకనంతగా. అత్త, “మరి మేమెందుకిలా చేస్తున్నాం?” అని అడిగింది. దానికి మేడమ్ దగ్గర కూడా మందు లేదు.

ఆ సాయంత్రం అమ్మమ్మ సగం తాగి పక్కన పెట్టిన టీ గ్లాసు అత్త తీసుకుని, మామయ్య చూస్తుండగా, అడుగు దాకా తాగేసింది. “చల్లారిపోయింది. ఇంకోటి పెడతాను, ఉండు అత్తయ్యా,” అని వంటగదిలోకి వెళ్ళింది. అమ్మమ్మకి రోగం ఉందని నమ్మే తాగింది. అమ్మమ్మ చీర కొంగుతో ముక్కు తుడుచుకుని, వంటగది వైపు చూసి, “దీనికి టీలో చక్కెర ఎంత వెయ్యాలో ఇప్పటికీ తెలీదు,” అంది.

మామయ్య వారం రోజులు ఇద్దరితోనూ మాట్లాడలేదు. తర్వాత తనే పీట తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు.

రెండేళ్ళు గడిచాయి. పొడుగుజడ కూతురు హాస్టల్ చదువు ముగించి నర్సింగులో చేరింది. పొడుగుజడ లాడ్జి వదిలి ఆసుపత్రి మేడమ్ దగ్గరే పనికి కుదిరింది. కొత్తగా రోగం తేలినవాళ్ళ పక్కన కూర్చుని ధైర్యం చెప్పడం ఆమె పని. తల్లీ కూతుళ్ళు మాట్లాడుకున్నారు. ఇక దాచేది లేదనుకున్నారు.

ఒక సాయంత్రం పొడుగుజడ బస్టాండుకి వచ్చింది. కాంట్రాక్టరు ఉన్నాడు, లాడ్జి గుమాస్తా ఉన్నాడు, బట్టతల కండక్టరూ ఉన్నాడు. స్టూలు పక్కన నిలబడి అందరికీ వినపడేలా చెప్పింది. “ఆ రోజు మీరు పట్టుకున్న పళ్ళపొడి డబ్బా నాది. రోగం నాకు. ఈమెకి ఏ రోగమూ లేదు. నా పిల్ల చదువు కోసం తన నెత్తిన వేసుకుంది.”

బస్టాండులో అందరూ ఇటే తిరిగారు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండేళ్ళుగా నోరు నొక్కుకుని ఉన్నదాన్ని, ఇప్పుడు చూస్కోండి మా అమ్మమ్మ అంటే ఏమిటో అనుకుంటున్నాను.

కండక్టరు నిట్టూర్చి, “ఎంత మంచి పిల్లో,” అన్నాడు. “ముసలామె చివరి రోజుల్లో మాట పడకూడదని తన మీద వేసుకుంటోంది.”

“అవునవును. ఆ పిల్ల చూడు, నిండు ఆరోగ్యంగా ఉంది. దానికి రోగమేమిటి?” అన్నాడు గుమాస్తా.

పొడుగుజడ ఆసుపత్రి చీటీ చూపిస్తానంది. వాళ్ళు వద్దన్నారు, నీ మనసు మాకు అర్థమైందిలే అన్నారు. కాంట్రాక్టరైతే ఆమెని కన్నీళ్ళతో దీవించాడు. అమ్మమ్మ పొడుగుజడ తల మీద ఒక్కటి మొట్టి, “అయిందా? ఇక పక్కకి జరుగు, మనుషులు లోపలికి పోవాలి,” అంది.

అలా మా అమ్మమ్మ రోగం ఆమె దగ్గరే ఉండిపోయింది. బీరువాలో ఇప్పుడు డబ్బాలు పెరిగాయి. మందు ఆసుపత్రిలో ఇస్తారు గానీ దాచుకునే చోటు ఎవరూ ఇవ్వరు కదా.

ఇదంతా రాసి మొదట అత్తకి చదివి వినిపించాను. ఆమె కుట్టు మిషను ఆపి, “అయితే లేని రోగానికి నేను నాలుగు రోజులు కంచం వేరు చేశానా?” అంది. దారం సరిచేసుకుని, “ఉన్నా చెయ్యకూడదులే,” అని మళ్ళీ మిషను తొక్కింది.

తర్వాత బస్టాండుకి వెళ్ళి అమ్మమ్మకి చదివాను. మధ్యలో ఇద్దరికి సబ్బు ఇచ్చింది, ఒకడికి చిల్లర విసిరింది, అయినా మొత్తం వింది.

“అచ్చు వేయించనా?” అన్నాను.

“వేయించుకో. ఇది చదివినవాడెవడైనా వచ్చి బీరువా తెరిస్తే, మాత్రలు నావని ఇక నేననలేను. నీవని చెప్తా.”